ఎర్రకారం దోశ బోర్డుకు వాలు స్టెన్సిల్ అక్షరాలు: తెలుగుకు నప్పుతాయా?

కడప_బోర్డులు:
మా కడపలో దోశ బండి పెట్టుకున్న ఒకాయన ఇప్పుడు షాపు తెరుస్తున్నాడు. బోర్డు మీద "ఎర్రకారం దోశ" అని లావుగా, పక్కకు వాలి, మధ్యమధ్యలో తెగినట్టుండే స్టెన్సిల్ అక్షరాలు కావాలంటాడు. ఎవరిదో జిమ్ బనియన్ మీద ఇంగ్లీషులో చూశాడట. నా దగ్గరున్న లావు ఫాంటును 12 డిగ్రీలు వాల్చి గాట్లు పెట్టా. చూస్తే చదవబుద్ధి కావట్లేదు. తెలుగుకు ఇది పనికిరాదనుకుంటున్నా. కాదంటారా?

ఆదోని_పత్తి:
కాదనే అంటా అన్నా. మా నాయన పత్తి బేళ్ల మీద మార్కా వేసేవాడు. రేకులో అక్షరం కోసి, బేలు మీద అదిమిపెట్టి, నల్ల రంగు బ్రష్షుతో కొట్టడమే. సున్నా చుట్టూ కోసేస్తే లోపలి బిళ్ల ఊడి పడుతుంది. అందుకే పైనా కిందా సన్న పట్టీ వదిలేవాడు. నీ గాట్లకు మూలం ఆ పట్టీలే. నువ్వు సోకు కోసం ఎక్కడంటే అక్కడ పెట్టి ఉంటావు.

అనంత_అక్షరం:
ఒప్పుకోను. ఇంగ్లీషు పెద్దక్షరాల్లో లోపల బిళ్ల ఉండేవి ఏడే: ఎ, బి, డి, ఓ, పి, క్యూ, ఆర్. 1937లో అమెరికాలో మిడిల్టన్ ఒకటి, పావెల్ ఒకటి గీసిన స్టెన్సిల్ ఫాంట్లు రెండూ పెద్దక్షరాలతోనే సరిపెట్టుకున్నాయి. మనకు అట్లా కుదురుతుందా? గుణింతాలు, వత్తులు ఎక్కడ పెడతారు? ద, ధ తేడా కింద చిన్న గీత. థ అయితే లోపల చుక్క కూడా. గాటు అక్కడ పడిందా, అక్షరమే మారిపోతుంది.

ఆదోని_పత్తి:
ప, స, హ తలకట్టు చూడు సామీ. ఒంటికి అంటదు. అవి పుట్టుకతోనే స్టెన్సిల్!

కర్నూలు_అక్క:
తంటా గాట్లతో కాదు, వాలుతో. సాఫ్ట్‌వేర్ అక్షరాన్ని అడుగు గీత దగ్గర పట్టుకుని వాలుస్తుంది. గీతకు పైనున్నది కుడికి పోతుంది, కిందున్నది ఎడమకు జారుతుంది. బోర్డులో ర వత్తు జరిగి ఎ కిందికి వచ్చిందేమో చూడండి. సున్నా గీత కూడా ఒకచోట లావు, ఒకచోట సన్నం అయ్యుంటుంది. తలకట్టు అసలే కుడికి వాలినది, ఇంకా వాలిస్తే పడుకుంటుంది. బటన్ నొక్కి వదిలేయకుండా వత్తును చేత్తో కుడికి లాగండి. వాలు 8 డిగ్రీలు చాలు. గాట్లన్నీ ఒకే వాలులో ఉండాలి.

అనంత_అక్షరం:
సరే, అంత కష్టపడితే బోర్డు వరకు ఓకే. ధరల పట్టికకు మాత్రం వద్దు. 8కి ఎడమ పక్క గాట్లు పడితే 3 అయి కూర్చుంటుంది. 80 దోశ 30కి ఇమ్మంటారు.

కడప_బోర్డులు:
అక్కా, నిజమే, వత్తు ఎ కిందే ఉంది. సరిచేసి, రేకులో కోసి, రంగు కొట్టి రెండు నమూనాలు పట్టుకెళ్లా. ఒకదాంట్లో "కారం" సున్నాకు పట్టీ పెట్టడం మరిచిపోయా, లోపల నిండిపోయి ఎర్ర బిళ్లయింది. ఆయన దాన్నే పట్టుకున్నాడు. "కారం ముద్ద పెట్టినట్టుంది, ఇదే ఉండనీ" అన్నాడు. ధరలు మామూలు అక్షరాల్లోనే వేశా.