హెల్మెట్ గ్లాసు మీద పురుగులు: అక్కడికక్కడే తుడవాలా, నానబెట్టాకే తుడవాలా?

కోవూరు ప్రయాణం:

నా ఉద్యోగం ఒంగోలులో, ఇల్లు కోవూరు దగ్గర. ప్రతి శనివారం ఆఫీసు అయ్యాక బండి మీద ఇంటికి వస్తాను. పదహారో నంబరు హైవే మీద వంద కిలోమీటర్లు దాటుతుంది. సింగరాయకొండ, ఉలవపాడు వరకు వెలుతురు ఉంటుంది. కావలి చేరేసరికి చీకటి పడుతుంది. అక్కడి నుంచి గ్లాసు మీద పురుగులు వాన చినుకుల్లా పడతాయి.

రెండేళ్ళు నేను అందరిలాగే చేశాను. ఎడమ చేతి గ్లవుతో ఒక్క తుడుపు తుడిచి ముందుకు పోయేవాణ్ణి. పోయిన నెల హైవే దిగి మా ఊరి రోడ్డెక్కాక ఎదురుగా ఒక కారు వచ్చింది. దాని లైటు పడగానే నా గ్లాసు మొత్తం తెల్లగా వెలిగిపోయింది. రోడ్డు పక్కన వరిగడ్డి ట్రాక్టర్ ఆగి ఉంది. వెనక లైటు లేదు, రేడియం స్టిక్కర్ కూడా లేదు. బాగా దగ్గరికి వచ్చేదాకా నాకది కనిపించలేదు. బ్రేకు పట్టింది, బతికాను.

ఇంటికొచ్చి గ్లాసు ఊడదీసి బల్బు కింద పెట్టి చూస్తే అన్నీ వంపు వంపు గీతలే, నా చెయ్యి తిరిగిన దారిలోనే. పగలు వాటిలో ఒక్కటీ కనిపించదు. రాత్రి ఎదురు లైటు పడితే ప్రతి గీతా వెలుగుతుంది. గ్లవుకి అంటుకున్న ఇసుక, దుమ్ము గ్లాసు కంటే గట్టివి. అవి అడ్డం పడి గీస్తాయి. పురుగు ఒక సాయంత్రం ఇబ్బంది పెడుతుంది, గీత మాత్రం గ్లాసు మార్చేదాకా పోదు.

అందుకే పొడిగా తుడవడం పూర్తిగా మానేయాలని నేను గట్టిగా చెబుతున్నాను. బండి ఆపి, తడి గుడ్డ పరిచి, నానాక తియ్యాలి. కాదనేవాళ్ళు ఎందుకు కాదో చెప్పండి.

చెరువు గట్టు:

నేను కాదంటానన్నా. మీది హైవే, యాడంటే అక్కడ ఆపుకోవచ్చు. నా పని విడవలూరు వైపు రొయ్యల చెరువుల్లో. రాత్రి పదికి ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో, చెక్ ట్రేలో మేత మిగిలిందో లేదో చూసి రావాలి. గట్టు మీద బండి పట్టేంత దారే ఉంటుంది. అటు నీళ్ళు, ఇటు నీళ్ళు. చెరువుల దగ్గర సన్న దోమ ముసురుకుంటే రెండు సెకన్లలో ఏమీ కనపడదు. ఆ రెండు సెకన్లలో తుడవకపోతే చెరువులో పడతాను. ఆపి గుడ్డ పరుచుకునే లోపల ఇంకో వంద వచ్చి పడతాయి.

నా లెక్క ఇది. గ్లాసు అరిగిపోయే వస్తువు, బ్రేకు షూలాగా. ఆరు నెలలకొకటి మారుస్తాను. గ్లాసు గీత పడుతుందని కళ్ళు మూసుకుని బండి నడపమంటే ఎట్టా?

ట్రంకు రోడ్డు హెల్మెట్లు:

నెల్లూరులో హెల్మెట్ల షాపు నాది. రోజూ చూసేది చెబుతాను.

గ్లాసు అని పిలుస్తాం గానీ అది పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్. రాయి తగిలినా పగలదు, కానీ పైపొర మెత్తన. అందుకే కంపెనీలు దాని మీద గీతలు పడకుండా పల్చటి గట్టి పూత వేస్తాయి. ఆ పూత పోయాక ఏ గుడ్డతో తుడిచినా గీతే. పొగమంచు పట్టకుండా లోపలివైపు పూత ఉన్న గ్లాసులు ఇంకా సున్నితం. లోపల వేలు కూడా పెట్టొద్దు.

గీతల కంటే నాకు ఎక్కువ బాధ కలిగించేది వేరే ఉంది. మరక పోలేదని పెట్రోలు గుడ్డతో తుడుస్తారు, థిన్నర్ వాడతారు. కిటికీ అద్దాలకు వాడే అమోనియా స్ప్రే కొడతారు. వీటితో ఆ ప్లాస్టిక్‌లో జుట్టు లాంటి సన్న పగుళ్ళు వస్తాయి. పైకి మామూలుగా ఉంటుంది, దెబ్బ తగిలిన రోజు ముక్కలవుతుంది. పెట్రోలు హెల్మెట్ లోపలికి చేరితే మరీ ప్రమాదం. తలను కాపాడేది లోపలున్న తెల్ల ఫోమ్, మనం థర్మోకోల్ అనేది. నమ్మకం లేకపోతే టీవీ డబ్బాలో వచ్చిన థర్మోకోల్ ముక్క మీద నాలుగు చుక్కల పెట్రోలు వేసి చూడండి, కళ్ళ ముందే కరిగిపోతుంది. ఐఎస్ఐ గుర్తు చూసి కొన్న హెల్మెట్‌ని ఇట్టా చేతులారా పాడు చేసుకుంటున్నారు. నీళ్ళు, ఒక చుక్క పిల్లల షాంపూ చాలు. అంతకు మించి ఏదీ అవసరం లేదు.

చెరువు గట్టు తమ్ముడికి ఒక మాట. ఆరు నెలలకు మార్చడం మంచిదే, కానీ ఐదో నెల, ఆరో నెల ఎట్టా నడుపుతున్నావు? అప్పటికి నీ గ్లాసు కూడా కోవూరు ఆయన గ్లాసులాగే ఉంటుంది. నడిపేది రాత్రే కాబట్టి నల్ల గ్లాసు మాత్రం వద్దు.

ఎడగారు రైతు:

మీరందరూ పురుగు పురుగు అంటున్నారు. అవి ఏవో తెలిస్తే సగం ఇబ్బంది తగ్గుతుంది బాబూ.

మన పెన్నా డెల్టాలో ఏడాదికి రెండు కార్లు, అంటే రెండు పంటలు, వరి. ముందు కారు పొట్ట మీద, అంటే కంకి బయటికి రాకముందు ఉన్నప్పుడు, మళ్ళీ రెండో కారైన ఎడగారు కోతల ముందు దోమ లేస్తుంది. మీ గ్లాసు మీద పచ్చగా సన్నగా పడేది పచ్చదోమ. గోధుమ రంగుది సుడిదోమ, మా పైరును చుట్లు చుట్లుగా ఎండబెట్టేది అదే. పసుపు రెక్కలతో ఉండేది కాండం తొలుచు పురుగు తల్లి. మూడూ వెలుగు కోసం వస్తాయి. మేం పొలంలో దీపపు ఎర పెట్టి, అందులో పడ్డదాన్ని బట్టి మందు కొట్టాలా వద్దా చూసుకుంటాం. మీ హెడ్‌లైటు కూడా వాటికి దీపపు ఎరే. వాన వెలిసిన సాయంత్రం వచ్చే ఉసిళ్ళు వేరు, అవి రెక్కలొచ్చిన చెదపురుగులు.

దోమ ఎక్కువగా లేచేది పొద్దుగూకాక మొదటి గంట, రెండు గంటలు. ఆ వేళ కావలిలోనో బిట్రగుంటలోనో ఆగి నాలుగు మెతుకులు తిని బయల్దేరితే చాలావరకు తప్పుతుంది.

కోవూరు ప్రయాణం:

బాబాయ్, ఇది నాకు తెలియదు. ఇంటికి త్వరగా చేరాలన్న ఆత్రంలో సరిగ్గా ఆ రెండు గంటల్లోనే నడుపుతున్నాను. ఈ వారం కావలిలో ఆగుతాను.

సింగరాయకొండ 350:

గ్లాసు సంగతి సరే. బండి మీద పురుగులకు పదిహేనేళ్ళుగా డీజిల్ గుడ్డే వాడుతున్నాను. డూమ్, మడ్‌గార్డ్, క్రోమ్ అన్నీ తళతళలాడతాయి. నాకు ఏ నష్టమూ రాలేదు.

ఒంగోలు స్పానర్:

సార్, నేను పని నేర్చుకునే రోజుల్లో నా చేత్తోనే వందల బళ్ళకు డీజిల్ కొట్టాను. ఇప్పుడు మానేశాను, ఎందుకో చెబుతాను. ఇంజిన్ ఇనుము మీద గ్రీజు వదలడానికి డీజిల్ పనికొస్తుంది, అది కాదనను. కానీ గుడ్డ అక్కడే ఆగదు. రబ్బరు బుష్షులకు తగులుతుంది, అవి ఉబ్బి మెత్తబడతాయి. చెయిన్ లోపలి రింగులకు తగులుతుంది. ఒక్క చుక్క డిస్కు మీద పడి ప్యాడ్ పీల్చుకుంటే ముందు బ్రేకు జారుతుంది. మెరుపు కోసం బ్రేకు పోగొట్టుకున్న బళ్ళు నా షెడ్డుకు వచ్చాయి.

ఎవరూ చూడని చోటు ఇంకోటి ఉంది. ముందు ఫోర్కుల మెరిసే పైపులు. వాటి మీద పడ్డ పురుగు ఎండితే రాయిలా గట్టిపడుతుంది. బండి గుంటలో పడ్డప్పుడల్లా ఆ పైపు ఆయిల్ సీలులోకి దిగి మళ్ళీ పైకి వస్తుంది. ఆ ఎండిన గడ్డ సీలు అంచును కోస్తుంది. నెలకో రెండు నెలలకో ఆయిల్ కారడం మొదలవుతుంది. వచ్చినవాళ్ళు గుంటల వల్ల పోయిందంటారు. నేను పైపు మీద వేలు పెట్టి చూపిస్తాను, ఇంకా అంటుకునే ఉంటుంది. హైవే మీద తిరిగేవాళ్ళు ఇంటికి రాగానే ముందు ఆ రెండు పైపులు తడి గుడ్డతో తుడవండి. మిగతా బండి మరుసటి రోజు కడిగినా ఫరవాలేదు.

రేడియేటర్ ఉన్న బళ్ళకు పురుగులు దాని సన్న రేకుల మధ్య ఇరుక్కుంటాయి. వాటర్ సర్వీసింగ్ కుర్రాళ్ళు దగ్గర నుంచి గన్ను పెడితే ఆ సన్న రేకులు వంగిపోయి గాలి ఆడదు. మామూలు పైపు నీళ్ళు, మెత్తటి బ్రష్షు చాలు.

కందుకూరు టీచరమ్మ:

నాది స్కూటీ. రోజూ పల్లెలో బడికి వెళ్ళి సాయంత్రం తిరిగి వస్తాను. అందరూ నీళ్ళు నీళ్ళు అంటున్నారు, ఏ నీళ్ళో ఎవరూ చెప్పలేదు. మా ప్రకాశం వైపు బోరు నీళ్ళు ఎంత ఉప్పనో అందరికీ తెలుసు. కనిగిరి వైపు ఫ్లోరైడ్ సంగతి చెప్పనక్కర్లేదు. ఆ నీళ్ళతో గ్లాసు కడిగి ఎండలో పెడితే తెల్ల చుక్కలు పడతాయి. అవి పోవాలని మళ్ళీ రుద్దుతాం. పురుగు వల్ల పడని గీత దానివల్ల పడుతుంది. నేను తాగే నీళ్ళ క్యాన్ నుంచి అర గ్లాసు తీసుకుంటాను. పాత నూలు పంచె ముక్క తడిపి గ్లాసు మీద పరిచి, చీర మార్చుకుని వచ్చేసరికి అంతా మెత్తబడి ఉంటుంది. గుడ్డ ఎత్తి, ఇంకొన్ని నీళ్ళు పోసి, వేరే తడి గుడ్డతో పైనుంచి కిందికి ఒక్కసారి అద్దినట్టు తుడుస్తాను. కాగితంతో మాత్రం తుడవను, న్యూస్ పేపర్ కూడా గీస్తుంది.

ఆ రాత్రే చెయ్యాలి. తెల్లారితే ఎండకు అది బంకలా పట్టేస్తుంది.

కోవూరు ప్రయాణం:

మేడమ్, బోరు నీళ్ళ మాట నిజం. నా ట్యాంకు మీద చుక్కలు ఎందుకు పడుతున్నాయో ఇప్పుడు తెలిసింది.

చెరువు గట్టు తమ్ముడూ, నీ మాట రెండు రోజులు ఆలోచించాను. గట్టు మీద ఉన్నవాణ్ణి ఆపమని నేను చెప్పలేను. కనపడకపోవడం గీత కంటే ప్రమాదం, అది ఒప్పుకుంటున్నాను. కానీ తుడిచేది పొడి గ్లవుతో ఎందుకు? వంద మిల్లీ స్ప్రే సీసా ఒకటి జేబులో పెట్టుకో. బండి కాలు మీద ఆపి రెండు సార్లు కొట్టి, తర్వాత తుడువు. ఐదు సెకన్లు ఎక్కువ పడుతుంది. దుమ్ము నీళ్ళతో పాటు జారిపోతుంది. పూర్తిగా నానబెట్టినంత మంచిది కాదు, పొడి గ్లవు కంటే చాలా నయం. నేను కూడా మొదట రాసినంత ఖచ్చితంగా ఇక చెప్పను. ఆగే చోటు ఉన్నవాళ్ళు మాత్రం ఆగాల్సిందే. బంకుల దగ్గర బకెట్టులో ఉండే గుడ్డ కూడా ముట్టుకోవద్దు, లారీ అద్దాల ఇసుకంతా అందులోనే ఉంటుంది.

చెరువు గట్టు:

సీసా కొన్నానన్నా. వారం నుంచి వాడుతున్నాను. కొత్త గ్లాసు వేసుకుని మొదలుపెట్టాను, ఎంత కాలం వస్తుందో తేడా తెలియాలని. తడిగా తుడిస్తే దోమ మరక కొంచెం అలుక్కుంటుంది, రెండోసారి కొట్టాల్సి వస్తోంది. గట్టు మీద ఒక చేత్తో కష్టమే. అందుకని ఇప్పుడు మోటారు షెడ్డు దగ్గర ఆపి కొట్టుకుని గట్టెక్కుతున్నాను. మధ్యలో ముసురుకుంటే గ్లాసు పైకెత్తి, మామూలు కళ్ళద్దాలతో నెమ్మదిగా పోతున్నాను. అక్కడ మాత్రం నేను ఆగను. షాపన్నా, రాత్రిపూట పెట్టుకోవడానికి తెల్ల కళ్ళద్దాలు మీ దగ్గర ఉంటాయా?

ట్రంకు రోడ్డు హెల్మెట్లు:

ఉన్నాయి తమ్ముడూ. అవి కూడా పాలీకార్బొనేటే, గ్లాసుకు చెప్పిన జాగ్రత్తలన్నీ వాటికీ వర్తిస్తాయి. వచ్చేటప్పుడు పాత గ్లాసు తీసుకురా, లైటు కింద పెట్టి చూద్దాం.