అడ్డుగోడలు తీసేస్తే ఆఫీసులో జనం కలుస్తారా?

కొత్తఆఫీసు: మాది మాదాపూర్‌లో 120 మంది పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీ. వేరే బిల్డింగ్‌కి మారుతున్నాం. క్యూబికిల్స్ తీసేసి ఒకే హాలు పెడుతున్నాం, ఎవరికీ సొంత సీటు ఉండదు. ఒక గోడ నిండా కొండపల్లి బొమ్మలు. అందరూ కలివిడిగా ఉండాలని మా ఆలోచన. మీరేమంటారు?

గోదారిగట్టు: కలివిడి పెరగదండీ. హార్వర్డ్ పరిశోధకులు బెర్న్‌స్టీన్, టర్బన్ రెండు పెద్ద కంపెనీల్లో ఇలా మారకముందు, మారాక కొలిచి 2018లో ప్రచురించారు. ఎదురెదురుగా మాట్లాడుకోవడం దాదాపు 70 శాతం తగ్గింది, మెయిళ్లు పెరిగాయి. నేనూ అలాంటి హాల్లో మూడేళ్లు చేశాను. నా వీపు వెనకే నడిచే దారి. ఎవరు స్క్రీన్ చూస్తున్నారో అని రోజంతా టెన్షన్.

కొత్తఆఫీసు: అమెరికా లెక్కలు మనకెందుకు? మా పిల్లలు ఇప్పుడే పక్క సీటువాళ్లతో చాట్‌లో మాట్లాడుతున్నారు.

బొమ్మలకొలువు: ఆ బొమ్మలు తెల్లపొణికి కర్రవేనా? కొండపల్లి వెళ్లి చేసేవాళ్ల దగ్గరే కొనండి.

ఇద్దరుపిల్లలతల్లి: బొమ్మలు సరే, క్రెష్ ఎక్కడ? 2017లో ప్రసూతి చట్టం సవరించాక 50 మంది, అంతకు మించి పనిచేసే చోట అది ఉండాలి. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. మా పాత ఆఫీసులో లేదు. స్టోర్ రూంలో, తలుపుకి కుర్చీ అడ్డం పెట్టుకుని పాలు పిండుకున్నాను. అప్పుడు మా రిసెప్షన్‌లో 'మనమంతా ఒకే కుటుంబం' అని పెద్ద అక్షరాలు ఉండేవి.

కొత్తఆఫీసు: మీ బాధ అర్థమైంది, కానీ మా ఆఫీసు అది కాదు. అన్నీ పెట్టమంటే అద్దె ఎవరు కడతారు? 80 సీట్లతో సరిపెడితేనే కొత్త చోటు అందుతుంది.

గోదారిగట్టు: ఈ మాట మొదటే చెప్పాల్సింది. 120 మందికి 80 సీట్లంటే పొద్దున్నే వచ్చినవాడికి కిటికీ పక్క, బిడ్డను స్కూల్లో దింపి వచ్చేవాళ్లకి టాయిలెట్ పక్క. అద్దె భారమని నేరుగా చెప్పండి, జనం సర్దుకుంటారు. దానికి కలివిడి అని పేరు పెడితేనే కోపం వస్తుంది.

కొత్తఆఫీసు: దాచిందేమీ లేదు. ఉద్యోగుల్ని అడిగాకే ప్లాన్ గీయించాం.

ఇద్దరుపిల్లలతల్లి: ఎవర్ని అడిగారు?

కొత్తఆఫీసు: ఆరుగురు మేనేజర్లని.

ఇద్దరుపిల్లలతల్లి: కొత్త ప్లాన్‌లో ఆ ఆరుగురికీ కేబిన్లు ఉన్నాయా?