పల్స్ ఆక్సీమీటర్‌లో రాత్రి రీడింగులు సరిగ్గా సేవ్ చేయడం ఎలా?

నమస్కారం అండి. మాది విశాఖపట్నం, గాజువాక. నాన్నగారికి సీఓపీడీ (ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బు) ఉంది. నిద్రలో ఆక్సిజన్ ఎంత పడిపోతోందో రాత్రంతా రికార్డు చేసి తెమ్మన్నారు డాక్టర్ గారు. అందుకని మెమరీ ఉన్న చిన్న మానిటర్ ఒకటి కొన్నాం, వైరుతో వేలికి తగిలించే రకం.

చిక్కంతా డేటా దగ్గరే. తెర మీద 91, 88 అని అంకెలు బాగానే వస్తాయి. పొద్దున్నే ల్యాప్‌టాప్‌కు కలిపితే ఫైలు మీద ఎప్పటిదో తేదీ ఉంటోంది. బ్యాటరీలు మార్చినప్పుడల్లా గడియారం మొదటికొస్తోంది. ఏ వేళకు పడిపోయిందో తెలియని గ్రాఫ్ చూసి డాక్టర్ గారు మాత్రం ఏం చెప్పగలరు? పైగా అమ్మకూ ఇదే పెడుతున్నాం. ఇద్దరి రీడింగులూ ఒకే పేషెంట్ ఐడీ కింద చేరిపోతున్నాయి. ఐడీ విడిగా పెట్టే పద్ధతి ఉందా? మెమరీ నిండితే పాతవి వాటంతటవే చెరిగిపోతాయా?

ఎన్ని సెకన్లకోసారి రీడింగు సేవ్ చేయాలో సెట్టింగ్స్‌లో 1 సెకను, 4 సెకన్లు అని ఉంది. 4 పెడితే మెమరీ ఎక్కువసేపు వస్తుంది గానీ, కాసేపే ఉండే తగ్గుదలలు తప్పిపోతాయేమోనని టెన్షన్. నాన్న పక్కకు దొర్లినా, వేళ్లు చల్లబడినా అంకె ఉన్నట్టుండి పడిపోతుంది. నిజమైన తగ్గుదలకూ దీనికీ తేడా పల్స్ గీతను బట్టి పట్టుకోవచ్చా?

స్లీప్ ల్యాబ్‌లోనో ఐసీయూలోనో పనిచేసేవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి. వచ్చే వారమే అపాయింట్‌మెంట్. రిపోర్టు ప్రింట్ తీస్తే చాలా, అసలు ఫైలు కూడా పట్టుకెళ్లాలా?