ట్రోలింగ్‌లో పడవ వేగం తగ్గట్లేదు, స్పూన్ పైకి తేలిపోతోంది. ఏం చేయాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నాది 12 అడుగుల పడవ, వెనక 6 హార్స్‌పవర్ పెట్రోల్ మోటారు. మంచినీటి జలాశయంలో ట్రోలింగ్ (నడుస్తున్న పడవ వెనక ఎర లాగుతూ చేపలు పట్టడం) మొదలుపెట్టి నెలైంది, ఒక్క చేపా పడలేదు. మోటారు ఎంత తగ్గించినా ఫోన్‌లో జీపీఎస్ గంటకు 5 కిలోమీటర్ల కిందికి రావట్లేదు. స్పూన్ (చెంచాలాంటి లోహపు ఎర) పైకి వచ్చేసి గిరగిరా తిరుగుతోంది. దారం మెలికలు పడి పోయిన వారం సగం రీలు కోసి పారేశాను. దయచేసి దారి చూపించండి.

జవాబు

బ్రదర్, నెమ్మది ట్రోలింగ్ అంటే గంటకు సుమారు 1.5 నుంచి 3 కిలోమీటర్లు. మీరు దాదాపు రెట్టింపు వేగంలో ఉన్నారు. మోటారుతో కుస్తీ పట్టకండి, పడవకే బ్రేకు వేయండి. డ్రిఫ్ట్ సాక్ అని గుడ్డతో కుట్టిన గరాటులాంటి సంచి దొరుకుతుంది. నీళ్లలో వేస్తే విచ్చుకుని పడవను పట్టి ఉంచుతుంది. అది లేకపోతే గట్టి పిడి ఉన్న బకెట్‌కి తాడు కట్టి పడవ ముందు భాగం నుంచి పక్కకి వదలండి.

తాడు మాత్రం మోటారు ఫ్యాన్ దాకా చేరనంత పొట్టిగా ఉండాలి. నేను ఒకసారి చాలా పొడుగు వదిలాను. మలుపు తిరగగానే ఫ్యాన్‌కి చుట్టుకుంది, గాలికి అరగంట కొట్టుకుపోయాను. అలా జరిగితే మోటారు పూర్తిగా ఆపి, కిల్ స్విచ్ (మోటారును వెంటనే ఆపే మీట) తీగ పీకేశాకే చెయ్యి పెట్టండి. లైఫ్ జాకెట్ ఎప్పుడూ ఒంటి మీదే ఉండాలి.

రివర్స్ గేరులో వెనక్కి నడిపినా బాగా నెమ్మదిస్తుంది. వెనక భాగం బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి నీళ్లు అడ్డుకుంటాయి. అలలు లేనప్పుడే చేయండి, లేకపోతే నీళ్లు లోపలికి వచ్చేస్తాయి.

ఇంకొకరి జవాబు

ఇద్దరున్నప్పుడు మోటారు ఆపేసి తెడ్లు వేసి చూడండి. తెడ్డు వేసినప్పుడల్లా ల్యూర్ (స్పూన్ లాంటి ఉత్తుత్తి ఎర) ముందుకి దూకుతుంది, రెండు తెడ్ల మధ్య తడబడుతుంది. వెంటపడి వస్తున్న చేప చాలాసార్లు ఆ తడబాటులోనే నోరు వేస్తుంది. మోటారు ఒకే వేగంతో లాగితే ఈ తేడా రాదు.

దారం మెలికల సంగతి: స్పూన్‌కి రెండు మూడు అడుగుల పైన బాల్ బేరింగ్ స్వివెల్ (దారం మెలిక పడకుండా తనే తిరిగే చిన్న కొక్కెం) కట్టండి. ఇప్పటికే మెలిక పడిన దారాన్ని కోసెయ్యకండి. చివరన ఏమీ లేకుండా, స్వివెల్ కూడా విప్పేసి, నడుస్తున్న పడవ వెనక ఖాళీ దారం మొత్తం వదలండి. కొన్ని నిమిషాల్లో మెలికలు వాటంతటవే విడిపోతాయి.

ప్రశ్న అడిగినవారు

అన్నా, బకెట్ పనిచేసింది! ఇప్పుడు 2.5 వస్తోంది. కానీ ల్యూర్ అంత దూరంలో ఉంటే సరిగ్గా ఈదుతోందో లేదో తెలిసేదెలా?

జవాబు

మంచి ప్రశ్న, నా లెక్కలో ట్రోలింగ్ అంతా ఇదే. ముందు రెండు మీటర్ల దారమే వదిలి పడవ పక్కన లాగి చూడండి. స్పూన్ అటూ ఇటూ ఊగాలి, బొంగరంలా తిరగకూడదు. ఏ వేగంలో ఊగుతుందో అదే దాని వేగం. తర్వాత 25, 30 మీటర్లు వదిలి రాడ్ కొన మీద కన్నేయండి. బాగా ఈదుతుంటే కొన సన్నగా, ఒకే లయలో వణుకుతుంది. వణుకు చచ్చిపడిందంటే నాచు తగులుకున్నట్టే, లాగి శుభ్రం చేయండి. ఆగి ఆగి టక్, టక్ మంటే అడుగు తగులుతోంది, కాస్త దారం చుట్టండి. గాలానికి చిన్న ఆకు చిక్కినా చాలు, గంటసేపు వృథాగా తిరుగుతాం.

జీపీఎస్ అంకెను గుడ్డిగా నమ్మొద్దు. అది నేలను బట్టి చెప్పే వేగం. గంటకు 1 కిలోమీటరు ప్రవాహానికి ఎదురు వెళ్తూ ఫోన్‌లో 2 చూస్తున్నారంటే, నీళ్లలో ల్యూర్ వేగం 3. అదే దారిలో ప్రవాహం వెంట 2తో తిరిగొస్తే దాని వేగం 1 మాత్రమే. అందుకే ఎదురు వెళ్లేటప్పుడు పడిన చేప తిరుగుదారిలో పడదు. రాడ్ కొన మాత్రం రెండు దిక్కుల్లోనూ నిజమే చెబుతుంది.

నేరుగా వెళ్లకుండా పాములా మెలికలు తిరగండి. మలుపులో లోపలి వైపు స్పూన్ నెమ్మదించి కిందికి దిగుతుంది, బయటి వైపుది వేగం అందుకుని లేస్తుంది. ఏది తగిలిందో గమనిస్తే ఆ రోజు చేపకి ఏం కావాలో తెలుస్తుంది. తేలే రకం ల్యూర్ అయితే ఈ లెక్క తారుమారవుతుంది, నెమ్మదిస్తే పైకి వస్తుంది.

చేప తగలగానే గట్టిగా గుంజకండి. పడవ కదలికే గాలాన్ని దించేస్తుంది. డ్రాగ్ (చేప లాగితే రీలు దారం వదిలే బిగువు) కాస్త వదులుగా పెట్టుకోండి.

ప్రశ్న అడిగినవారు

పడింది అన్నా! ఎడమకి తిరుగుతుంటే ఎడమ రాడ్ వణుకు ఒక్కసారి ఆగింది. నాచు అనుకుని చెయ్యి వేసేలోపే రాడ్ వంగిపోయింది. అప్పుడు ఫోన్‌లో 2.2 ఉంది. చేతులు ఇంకా వణుకుతున్నాయి.

జవాబు

శభాష్! లోపలి వైపు, అంటే నెమ్మదిగా, లోతుగా కావాలంటోంది. ఆ చోటు ఫోన్‌లో గుర్తు పెట్టుకోండి, ఏ దిక్కుకి వెళ్తున్నారో కూడా. చుట్టూ దూరంగా తిరిగొచ్చి, మళ్లీ అదే దిక్కుగా, ఇంకొంచెం నెమ్మదిగా ఆ చోటు దాటండి.