గంజాయి మానేసిన రైతు కాఫీ కాపుకొచ్చేదాకా ఏం వేయాలి?

నమస్తే అండి. ఉండేది విశాఖపట్నంలో. నాతో పనిచేసే కుర్రాడిది చింతపల్లి వైపు గూడెం. 2021లో పోలీసులు గంజాయి తోటలు నరికించిన ఆపరేషన్ పరివర్తన తర్వాత వాళ్ల నాన్న గంజాయి జోలికి పోలేదు. కొన్నాళ్లు కూలికెళ్లి, ఇప్పుడు కాఫీ మొక్కలు నాటారు. కాపుకు మూడు నాలుగేళ్లు ఆగాలి. సిల్వర్ ఓక్ చెట్లకు పాకించే మిరియాలకూ దాదాపు అంతే. ఈలోపు గంజాయి వేస్తే అడ్వాన్సు ఇస్తామంటూ దళారులు మళ్లీ తిరుగుతున్నారట. టెన్షన్ అదే.

అఫ్గానిస్తాన్‌లో 2022లో నల్లమందు గసగసాల సాగు నిషేధించాక, మరుసటి ఏడాదికి అది 95 శాతం తగ్గిందని ఐక్యరాజ్యసమితి లెక్క. గోధుమకు మారిన రైతుల ఆదాయమూ బాగా పడిపోయింది. థాయిలాండ్‌లో 1969లో మొదలైన రాయల్ ప్రాజెక్టు మాత్రం నల్లమందు పండించే కొండ రైతులకు కాఫీ, పండ్లు, కూరగాయలు నిదానంగా అలవాటు చేసింది, మార్కెట్టూ చూపించింది. నాకైతే అదే సరైన దారనిపిస్తుంది. తోట నరకడం ఒక పూట పని, ఎవరైనా చేస్తారు.

ఏజెన్సీలో సాగు చేసినవాళ్లు చెప్పండి: లేత కాఫీ మొక్కల మధ్య రాజ్‌మా, పసుపు, అల్లంలో ఏది గిట్టుబాటవుతుంది? జీసీసీకి (గిరిజన సహకార సంస్థ) అమ్మితే డబ్బు ఎన్నాళ్లకు చేతికొస్తుంది? పోడు పట్టా మీద బ్యాంకులో పంట రుణం తీసుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?