పాత స్పీడ్‌మాస్టర్‌కి 2021 బ్రేస్‌లెట్: ఎవరైనా వేసి చూశారా?

డాలస్_తెలుగు
నా దగ్గర ఒమేగా స్పీడ్‌మాస్టర్ వాచీ ఉంది, 3570.50 మోడల్, లోపల పాత 1861 నంబరు మూవ్‌మెంట్ (వాచీని నడిపే యంత్రం) ఉన్నది. దాంతో వచ్చిన స్టీల్ బ్రేస్‌లెట్ గట్టిదే గానీ క్లాస్ప్ (బిగించే కొక్కెం) దాకా పెద్దగా సన్నబడదు. రోజంతా పెట్టుకుంటే మణికట్టు కింద బరువుగా ఉంటుంది. 2021లో 3861 నంబరు మూవ్‌మెంట్‌తో వచ్చిన మోడల్ బ్రేస్‌లెట్ లగ్‌ల (పట్టీ తగిలించే కొమ్ముల) దగ్గర 20 మి.మీ. ఉండి, క్లాస్ప్ దగ్గరికి 15కి తగ్గుతుంది. షోరూంలో చేతికి పెట్టుకున్నప్పటి నుంచి మనసంతా దాని మీదే. వాచీ మాత్రం మార్చను. నాదీ 20 మి.మీ.యే కదా, బ్రేస్‌లెట్ ఒక్కటీ కొంటే కూర్చుంటుందా?

సికింద్రాబాద్_321
నాదీ 3570.50యే అన్నా. అదే బ్రేస్‌లెట్ వేశాను, బాగానే కూర్చుంది, రోజూ పెట్టుకుంటున్నాను. అయితే 20కి 20 కలిసిందని కళ్ళు మూసుకుని కొనకండి. అసలు చూడాల్సింది ఎండ్ లింక్, అంటే బ్రేస్‌లెట్‌లో వాచీకి తగిలే చివరి లింకు. కేసుకి (వాచీ బయటి లోహపు డబ్బాకి) ఆనే దాని వంపు, అందులో స్ప్రింగ్ బార్ (దాన్ని లగ్‌లకి పట్టి ఉంచే స్ప్రింగున్న సన్నటి పుల్ల) దూరే చోటు, లగ్‌లో రంధ్రం ఉన్న చోటు, ఈ మూడూ ఒకదానికొకటి పడాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా అయితే అసలు ఎక్కదు, లేదంటే ఎక్కి లొడలొడలాడుతుంది.

నా వాచీకి పన్నెండు గంటల వైపు తేలిగ్గా పడింది. ఆరు వైపు బొటనవేలితో అదిమి పట్టుకుంటే గానీ బార్ రంధ్రంలోకి వెళ్ళలేదు. తర్వాత పలచటి కాగితం ముక్క సందులో పెట్టి చూశాను. మధ్యలో దూరలేదు, అంచుల దగ్గర కొద్దిగా దూరింది. నాకు అది చాలు. మొదలుపెట్టే ముందు లగ్‌ల వెనకా లోపలివైపూ టేపు అంటించండి. టూల్ జారితే పడే గీత ఇక పోదు.

ఉక్కునగరం
కేసుకి ఎన్నిసార్లు పాలిష్ పట్టారో కూడా చూసుకోవాలి. నాది ఇంకా పాత స్పీడ్‌మాస్టర్, 145.022 మోడల్. నా చేతికి వచ్చేసరికే లగ్‌ల అంచులు అరిగి గుండ్రంగా ఉన్నాయి. కొత్త ఎండ్ లింక్ పదునైన లగ్‌ల కోసం చేసింది కాబట్టి, ఇలాంటి కేసు మీద మెట్టులా పైకి కనబడుతుంది. ఎక్కడం ఎక్కింది, చూడటానికే బాగోలేదు. తీసేసి తోలు పట్టీ వేశాను, ఆ వాచీకి అదే అందం. డాలస్ గారూ, మీ వాచీ లగ్‌లని పక్కనుంచి ఫొటో తీసి పెట్టండి, ఒక అంచనాకి రావచ్చు.

నెల్లూరు_దోహా
ఇది రోలెక్స్ సంగతి, కానీ ఇక్కడ పనికొస్తుంది. నా సబ్‌మరీనర్ 16610 మోడల్‌కి కొత్త 126610 మోడల్ బ్రేస్‌లెట్ వేద్దామని అడిగితే కుదరదన్నారు. కారణం సులువే. 2020లో కేసు 41 మి.మీ.కి, లగ్‌ల మధ్య దూరం 21కి పెరిగాయి, నాది 20. మరి మధ్యలో వచ్చిన 116610 కూడా 20యే కదా అంటారు. దాని లగ్‌లు లావుపాటివి, ఎండ్ లింక్ ఆకారమే వేరు. చివరికి 16610 ఆఖరి ఏళ్ళలో ఇచ్చిన 93250 నంబరు బ్రేస్‌లెట్ వెతికి పట్టుకున్నాను. దానికి ఎండ్ లింక్ గుల్లగా కాకుండా గట్టి లోహంతో ఉంటుంది, లొడలొడ పోయింది. మొదటి ఏళ్ళ కేసులకి అది ఒక్కోదానికి ఒక్కోలా కూర్చుంటుంది, వేసి చూశాకే డబ్బు కట్టండి.

డాలస్_తెలుగు
అందరికీ థాంక్స్. ఫొటో పెట్టాను. ఇక్కడ ఒక రిపేరు షాపులో అడిగితే, పట్టకపోతే కాస్త ఆకురాయి పెట్టి సరిచేస్తామన్నారు. చేయించవచ్చా?

సికింద్రాబాద్_321
దేన్ని అరగదీస్తారో ముందు అడగండి. ఎండ్ లింక్ అయితే మీ ఇష్టం, పాడైతే ఇంకోటి కొనుక్కోవచ్చు. కేసు మీద మాత్రం ఆకురాయి పడనివ్వకండి. ఆ లోహం తిరిగి రాదు. నన్నడిగితే అరగదీస్తే గానీ పట్టని బ్రేస్‌లెట్ ఆ వాచీకి వద్దు.

ఉక్కునగరం
ఫొటో చూశాను, మీ లగ్‌లు పదునుగానే ఉన్నాయి, ధైర్యంగా ప్రయత్నించండి. పాత బ్రేస్‌లెట్‌ని మాత్రం అమ్మకండి. తీసిన లింకులన్నీ ఒక కవర్లో వేసి దాంతోపాటే దాచండి. రేపు వాచీ అమ్మాల్సి వస్తే కొనేవాళ్ళు ముందుగా అడిగేది దాన్నే.

డాలస్_తెలుగు
సరే, శనివారం వాచీ తీసుకుని షోరూంకే వెళ్తాను. వాళ్ళ చేతే వేయించి, కాగితం ముక్కతో చూశాకే కొంటాను. స్ప్రింగ్ బార్‌లు పాతవే వాడొచ్చా?

నెల్లూరు_దోహా
వద్దు, ఆ బ్రేస్‌లెట్‌కి ఏవి ఇస్తారో అవే కొత్తవి వేయించండి. బార్ సన్నదైతే ఎండ్ లింక్ ఆడుతుంది, మొన అరిగినదైతే ఎప్పుడో ఊడి వాచీ కింద పడుతుంది. వేశాక మంచం మీద దుప్పటి పరిచి, రెండు వైపులా బ్రేస్‌లెట్‌ని గట్టిగా లాగి చూడండి. ఆ తర్వాతే చేతికి పెట్టుకోండి.