అప్‌డేట్: ఆలుగడ్డలోకి నీళ్లు ఎక్కాయి!

పోయిన వారం అడిగాను కదా, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి ద్రవాభిసరణ (పలుచని పొర గుండా నీళ్లు చక్కెర ఎక్కువున్న వైపుకి వెళ్లడం) ప్రయోగం ఎందుకు ఫెయిలైందని. ఆలుగడ్డని గిన్నెలా తొలిచి, లోపల చక్కెర నీళ్లు పోసి, పళ్లెంలో మంచినీళ్లలో నిలబెట్టాం. రాత్రంతా ఉంచినా లోపలి నీళ్ల మట్టం పెరగలేదు.

"కొంపదీసి ఉడకబెట్టారా?" అని ఒకరు అడిగారు. అవునండీ, తొలవడం తేలిగ్గా ఉంటుందని నేనే కుక్కర్‌లో పెట్టాను! వేడికి కణాల త్వచాలు, అంటే వాటి చుట్టూ ఉండే పలుచని పొరలు, దెబ్బతింటాయట. చక్కెరని ఆపి నీటిని పోనిచ్చే జల్లెడే లేకపోతే ఇక ద్రవాభిసరణ ఎక్కడిది?

ఆదివారం మెహదీపట్నం రైతు బజార్ నుంచి పెద్ద గడ్డలు తెచ్చి, ఈసారి పచ్చిదే తొలిచాం. అడుగున తొక్క కూడా తీశాం, అది నీటిని సరిగ్గా పోనివ్వదు. మట్టం దగ్గర గుండుసూది గుచ్చాం. సాయంత్రానికి నీళ్లు సూదిని దాటేశాయి. ఉడికిన గడ్డనీ పక్కనే పెట్టాం, తేడా చూపించడానికి. నా తప్పు అలా పనికొచ్చింది.

తర్వాత మా అమ్మాయి ఇంకో ప్రశ్న వేసింది: త్వచం కొవ్వుతో చేసిందైతే నీళ్లు అంత సులువుగా ఎలా దూరతాయి? కొంత నేరుగానే వెళ్తుంది, కానీ చాలా కణాల్లో ఆక్వాపోరిన్లనే ప్రోటీన్ దారులు ఉంటాయి. వీటిని కనుగొన్నందుకు పీటర్ ఆగ్రేకి 2003లో రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది.

ప్రాజెక్టు రేపు ఇవ్వాలి. కుక్కర్ సంగతి రికార్డులో రాయొద్దని బతిమాలుతున్నాను.